టెర్రీ ప్రాచెట్: హాస్యం, మృత్యువు, న్యాయం

ముందు భాగంలో టోల్కీన్ సృష్టించిన గంభీరమైన అద్భుత లోకాన్ని పరిశీలించారు. అదే ప్రక్రియను నవ్వుతో నడిపినవాడు టెర్రీ ప్రాచెట్. హాస్య రచనను తేలిక రచనగా లెక్కగట్టడం విమర్శలో పాత అలవాటు. ప్రాచెట్ విషయంలో ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో ఈ భాగంలో చూద్దాం.

జీవితం - వృత్తి

ప్రాచెట్ 1948 ఏప్రిల్ 28న ఇంగ్లండులోని బీకన్స్‌ఫీల్డ్‌లో జన్మించాడు. ఆయన విశ్వవిద్యాలయంలో చదవలేదు. 17వ ఏట బడి మాని స్థానిక వార్తాపత్రికలో చేరాడు. చదువు చెప్పింది ఊరి గ్రంథాలయమేనని చెప్పుకునేవాడు. తొలి నవల ‘ద కార్పెట్ పీపుల్’ 1971లో వెలువడింది. 1980 నుంచి 1987 వరకు విద్యుదుత్పత్తి బోర్డులో పత్రికా సంబంధాల అధికారిగా పనిచేశాడు. డిస్క్‌వరల్డ్ తొలి నవలలు ఆ ఉద్యోగం చేస్తూ రాసినవే.

డిస్క్‌వరల్డ్

ఈ వరుసలో 1983 నాటి ‘ద కలర్ ఆఫ్ మ్యాజిక్’ మొదలు 2015లో వెలువడిన ‘ద షెపర్డ్స్ క్రౌన్’ వరకు 41 నవలలున్నాయి. అదొక బల్లపరుపు లోకం. నాలుగు ఏనుగులు దాన్ని మోస్తాయి, వాటిని ఒక మహాకూర్మం మోస్తుంది. దిగ్గజాలు, ఆదికూర్మం మనకు పురాణాల ద్వారా పరిచయమే. మన దిగ్గజాలు ఎనిమిది. ప్రాచెట్‌కు నాలుగు చాలాయి.

తొలి నవలలో కథ కంటే పేరడీ ఎక్కువ. ఆయన వెక్కిరిస్తున్న పాత సాహస కథలు తెలియకపోతే సగం నవ్వు అందదు. ప్రాచెట్ ఇక్కడే ఆగిపోయి ఉంటే ‘తేలిక రచన’ అన్న మాట నిలిచేది.

మృత్యువు పాత్ర

మార్పు ‘మార్ట్’ (1987)లో స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులో మృత్యువు ఒక కుర్రవాణ్ణి శిష్యుడిగా చేర్చుకుంటాడు. చనిపోవలసిన రాజకుమారిని ఆ శిష్యుడు జాలిపడి కాపాడతాడు, దాంతో లోకక్రమమే చెదురుతుంది. జాలి గొప్పదా, నియమం గొప్పదా అన్న ప్రశ్నను రచయిత ఉపన్యాసం లేకుండా కథలోనే నిలబెట్టాడు.

ఈ మృత్యువును మన యమధర్మరాజుతో పోల్చి చూడండి. యముడు పాపపుణ్యాలు విచారించి తీర్పు చెబుతాడు. ప్రాచెట్ మృత్యువు తీర్పరి కాడు. ఇసుక గడియారం ఖాళీ కాగానే వచ్చి తీసుకుపోతాడు. న్యాయం పైనుంచి దిగిరాదు కాబట్టి దాన్ని మనుషులే కల్పించుకోవాలన్నది ఈ పాత్ర వెనుక ఉన్న ఆలోచన.

శైలిలోనూ ఒక విశేషముంది. మృత్యువు మాటలన్నీ ఆంగ్లంలో పెద్ద అక్షరాలతో అచ్చవుతాయి. తెలుగు లిపిలో ఆ భేదం లేదు. తెలుగులోకి తెచ్చే అనువాదకుడు ఆ గంభీర స్వరాన్ని పదాల ఎంపికతోనే సాధించాలి.

పేదరికం లెక్క

‘మెన్ ఎట్ ఆర్మ్స్’ (1993)లో కాపలాదళం అధికారి వైమ్స్ బూట్ల గురించి ఆలోచిస్తాడు. 50 డాలర్ల బూట్లు ఏళ్ల తరబడి మన్నుతాయి. 10 డాలర్లవి త్వరగా చిరుగుతాయి. పేదవాడు మళ్లీ మళ్లీ కొని, పదేళ్లలో 100 డాలర్లు పోసినా కాళ్లు తడుస్తూనే ఉంటాయి. పేదవాడు పేదవాడైనందువల్లే ఎక్కువ చెల్లిస్తాడన్న సత్యాన్ని ఒక జత బూట్లతో చెప్పడం ప్రాచెట్ హాస్యానికి మంచి ఉదాహరణ.

చివరి దశ - అంచనా

2007లో ఆయనకు అరుదైన రకం అల్జీమర్స్ వ్యాధి ఉన్నట్లు తేలింది. టైపు చేయలేని స్థితిలో నోటితో చెప్పి రాయించాడు. 2009లో ‘సర్’ బిరుదు పొందాడు. 2015 మార్చి 12న మరణించాడు. ఆయన కోరిక ప్రకారం, అసంపూర్ణ రచనలున్న హార్డ్‌డిస్క్‌ను 2017లో రోడ్డు రోలరుతో తొక్కించారు.

‘రైజింగ్ స్టీమ్’ (2013)లో సంభాషణలు సాగుతాయి, పాత్రల గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రచయిత మీది సానుభూతితో ఈ లోపాన్ని దాచనక్కరలేదు. అలాగని వ్యాధి పేరుతో చివరి రచనలన్నింటినీ ఒక్కగాటన కట్టడమూ సరికాదు. విమర్శకుడు తూచవలసింది పుస్తకాన్ని.

ప్రాచెట్ హాస్యం ఆలోచనను పక్కకు నెట్టదు. పాఠకుడు కాదనలేని దారిలో దాన్ని లోపలికి తెస్తుంది. తొలి పేరడీలను, నడిమి దశ నవలలను ఒకే తక్కెడలో వేయకపోతే ఈ విషయం బోధపడుతుంది.

ఆలోచించండి: మీరు చదివిన ఒక తెలుగు హాస్య రచన తీసుకోండి. అందులోని నవ్వును తీసేస్తే ఆలోచన మిగులుతుందా, లేక రెండూ కలిసే పోతాయా? పది వాక్యాలలో వివరించండి.