సంగీతాభిమానులూ, అభిరుచీ

మనవాళ్ళు పాటను గురించి చాలా రాశారు. పాట ఎవరి పక్షాన నిలిచింది, ఏ పోరాటంలో పుట్టింది, దాన్ని ఏ ప్రభుత్వం నిషేధించింది – ఇవన్నీ పుస్తకాలకెక్కాయి. పాట విన్నవాణ్ణి గురించి రాసింది మాత్రం తక్కువ. మన వ్యాసాల్లో అతను "ప్రజలు" అనే బహువచనంలో కలిసిపోతాడు. ప్రజలు ఉర్రూతలూగారంటాం, కదిలిపోయారంటాం. ఆ ప్రజల్లో ఒకడు ఇంటికి పోతూ పక్కవాడితో ఏమన్నాడో మనకు పట్టదు. "చరణం బాగా ఎత్తుకున్నాడుగాని, కిందటిసారి గొంతు ఇంకా బాగుంది" అని వుండవచ్చు. ఆ మాట విమర్శ కాదా?

విమర్శేనని నా వాదన. నవల మీద అభిప్రాయం అడిగితే "మాకేం తెలుసండీ" అని తప్పుకునే మనిషి, పాట విషయం వచ్చేసరికి జంకు లేకుండా తీర్పు చెబుతాడు. పాతదానితో పోలుస్తాడు, కారణం చూపిస్తాడు, ఎదుటివాడు కాదంటే ఇంకో ఉదాహరణ తెస్తాడు. మన దేశంలో చాలామంది జీవితం మొత్తంమీద చేసే కళావిమర్శ ఇదొక్కటే. దీన్ని పొద్దుపోని కబుర్లుగా కొట్టిపారెయ్యటం అభ్యుదయవాదులకు తగదు. ఈ కబుర్లు దేన్ని చూస్తున్నాయి, దేన్ని చూడకుండా తప్పించుకుంటున్నాయి అన్నది పరిశీలించవలసిన విషయం.

మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మిత్రులొకరు ఏటా డిసెంబరులో సెలవు పెట్టి చెన్నైకి పోతారు. తిరిగి వచ్చాక ఒక వారం రోజులు స్టాఫ్ రూములో మాకు కచేరీలు తప్పవు. ఎవరు తోడిని ఎంతసేపు సాగదీశారు, వయొలిన్ ఏ సంగతి దగ్గర వెనకబడింది, ఎవరి గాంధారం ఉండవలసిన చోట ఉండలేదు – అన్నీ చెబుతారు. ఆయన సంగీతం నేర్చుకున్నవారు కారు. ముప్ఫయ్యేళ్ళు విన్నారు, విన్నదాన్ని గురించి వాదించారు. అంతే. కాని ఆయన మాటల్లో వున్న నిర్దిష్టత మన సాహిత్య విమర్శలో ఎంతమందికి వుంది?

ఈ ప్రశ్న ఊరికే అడగటం లేదు. తెలుగు ఎం.ఏ. చదివిన మేము పాట ఎదురైతే చేసే పని ఒకటే: కాగితం మీద రాసుకుని పదాలు విడదీస్తాం. గద్దర్ (1949–2023) పాటను పాఠంగా చెప్పేటప్పుడు అందులోని మాండలికం, ప్రతీకలు, వర్గదృష్టి చెబుతాం. ఆ పల్లవిని ఆయన ఎక్కడ విరిచాడు, గజ్జె ఎక్కడ ఆపాడు, వంతపాట ఏ క్షణంలో అందుకుని ఒంటరి గొంతును గుంపు గొంతుగా మార్చింది అన్నది చెప్పం. కారణం చిన్నది: మాకు తెలియదు. గోరటి వెంకన్నకు 2021 సంవత్సరానికి "వల్లంకి తాళం" మీద సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సంతోషించవలసిందే. కాని ఆ సందర్భంగా నేను చదివిన వ్యాసాలన్నీ కవిని గురించినవే. శ్రుతి ఎక్కడ పెట్టుకుంటాడు, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడు అన్న మాట ఆయన పాట వినటానికి పది మైళ్ళు పోయివచ్చిన కుర్రవాడి నోట వింటామేగాని మన పత్రికల్లో చదవం. ఈ ఒక్క విషయంలో అభిమాని మనకంటే ముందున్నాడు.

ఇక అతని రెండవ ముఖం. అభిమాని కొంతదూరం పోయేసరికి విన్నదాన్ని ఆస్తిగా లెక్కపెట్టుకోవటం మొదలుపెడతాడు. ఫలానా సంవత్సరం ఫలానా వారి కచేరీలో మొదటి వరసలో కూర్చున్నాననీ, ఎవరి దగ్గరా లేని రికార్డింగు తన దగ్గర వున్నదనీ చెబుతాడు. బాలమురళీకృష్ణ (1930–2016) గొంతును గురించి మొదలైన సంభాషణ, ఆయన్ని ఎవరు ఎన్నిసార్లు విన్నారనే పద్దులోకి దిగిపోతుంది. ఇలాంటి శ్రోతను జర్మన్ తత్వవేత్త అడోర్నో 1962లో అచ్చయిన తన ఉపన్యాసాలలో బాగానే పట్టుకున్నాడు. అతను వినటంకన్నా కూడబెట్టటం ఎక్కువ చేస్తాడన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. జాజ్ అభిమానినీ, కాలక్షేపానికి వినేవాణ్ణీ కూడా అదే ఊపులో దులిపేశాడు. అడోర్నో శ్రోతల పట్టికలో ఫాక్టరీ నుంచి ఇంటికి వచ్చి రేడియో పెట్టుకునే కార్మికుడికి గౌరవమైన స్థానం ఒక్కటీ లేదు. మార్క్సిజం పేరుతో ఇంత పెద్దమనిషి తరహా నాకు మింగుడుపడదు.

అభిరుచికీ వర్గానికీ సంబంధం లేదని నేననటం లేదు. ఫ్రాన్సులో బూర్ద్యూ 1960లలో జరిపించిన సర్వేల ఆధారంగా 1979లో పెద్ద గ్రంథం రాశాడు. బాఖ్ కృతిని ఎంచుకున్నవారిలో ప్రొఫెసర్లు, కళాకారులు ఎక్కువగా తేలారు. "బ్లూ డాన్యూబ్" ఇష్టమన్నవారిలో కార్మికులు, చిన్న దుకాణదారులు ఎక్కువ. అభిరుచి ఆకాశం నుంచి ఊడిపడదు. ఇంట్లో, బడిలో, వీధిలో తయారవుతుంది. మన దగ్గర కూడా ఒక నిచ్చెన వుంది: పైమెట్టు మీద శాస్త్రీయ సంగీతం, కింద లలిత సంగీతం, దాని కింద సినిమా పాట, అడుగున జానపదం. అభిమానులు ఏ మెట్టు మీదివాళ్ళు ఆ మెట్టు మీద నిలబడి వాదించుకుంటారు. నిచ్చెన ఎవరు వేశారని అడగరు.

వేసినవాళ్ళు వున్నారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో ఏర్పడింది. వర్ణంతో మొదలై కృతుల మీదుగా నడిచి చిన్న చిన్న రచనలతో ముగిసే నేటి కచేరీ పద్ధతిని స్థిరపరచినవాడుగా అరియక్కుడి రామానుజయ్యంగారు (1890–1967) ను చెబుతారు. ఆ పద్ధతిలో క్షేత్రయ్య పదానికీ, జావళికీ దొరికిన చోటు చివర్న. వాటికి పెట్టిన పేరు "తుక్కడా". అంటే ముక్క. దేవదాసీలు తరతరాలుగా కాపాడిన రచనలు, వాళ్ళ వృత్తిని సంఘం వెలివేసిన రోజుల్లోనే, సభల్లో ముక్కలయ్యాయి. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) నే, ఆడది అన్న కారణంతో, ఆరాధనలో పాడనివ్వటానికి పండితులు చాలాకాలం ఒప్పుకోలేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డాడు. త్యాగయ్య తెలుగులో రాశాడన్న గర్వం మనది, కచేరీ అరవవారిది. తెలుగు అభిమానుల సంభాషణలో మొదటిది ఎన్నిసార్లు వస్తుందో, రెండవది అన్ని తక్కువసార్లు వస్తుంది.

నిచ్చెనను ప్రభుత్వమే నిలబెట్టబోయిన సంఘటన ఒకటుంది. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాట గిట్టదు. ప్రజల అభిరుచిని బాగుచెయ్యాలనే సదుద్దేశంతో ఆకాశవాణిలో సినిమా పాటల్ని కత్తిరించుకుంటూ పోయాడు. ప్రజలు బాగుపడలేదు, రేడియో ముల్లు తిప్పుకున్నారు. సిలోన్ రేడియో అదే సంవత్సరం డిసెంబరులో "బినాకా గీత్‌మాలా" మొదలుపెట్టింది. తమకు నచ్చిన పాటల పేర్లు రాసి శ్రోతలు కుప్పలుగా ఉత్తరాలు పంపారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభించింది. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలైయా అనే ఊరుంది. మన గూడూరు మాదిరిగా అభ్రకం వ్యాపారం సాగిన ఊరు. ఫలానా పాట వెయ్యండని కోరేవాళ్ళ పేర్లలో ఈ ఊరిపేరు ఎంత తరచుగా వినబడేదంటే, అసలు అలాంటి ఊరు వున్నదా అని జనం అనుమానించారు. ఎక్కడో గనుల పక్కనున్న చిన్న ఊళ్ళో కూర్చుని పోస్టుకార్డు మీద తన పేరూ, తన పాట పేరూ రాసిన మనిషిని తలుచుకోండి. అతని కోరిక చిన్నదే: దేశమంతా వినేటప్పుడు తన ఇష్టం కూడా లెక్కలోకి రావాలి. దీన్ని బూర్జువా వినోద సంస్కృతికి లోబడటంగా మాత్రమే చూసేవాడికి ప్రజాస్వామ్యమంటే ఏమిటో నాకు అర్థం కాదు.

పైగా ఆ నిచ్చెన మెట్లు నిజంగా అంత దూరందూరంగా లేవు. తెలుగు సినిమా పాటకు గొంతు అనిపించుకున్న ఘంటసాల (1922–1974) విజయనగరంలో మధుకరం ఎత్తుకుని తింటూ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. బుర్రకథ నాజర్ (1920–1997) కూడా ఆ సంగీతం అభ్యసించినవాడే. పైమెట్టు మీది విద్య ఆకలి కడుపుతోనే కిందికి దిగివచ్చింది. దిగివచ్చినందువల్ల చెడలేదు.

మా అర్థశాస్త్రం మిత్రుల వద్దకు మళ్ళీ వస్తాను. సభలో తనియావర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలుకాగానే సగంమంది లేచి కాంటీనుకు పోతారని ఆయన బాధపడతారు. వాళ్ళు కాంటీనులో కాఫీ తాగుతూ మాట్లాడుకునేది కూడా సంగీతం గురించే! మృదంగం వినని సంగీతాభిమానం అది. వినటానికి కూర్చున్నవాడైనా వాద్యం ఎవరు చేశారని అడిగాడా? మృదంగానికి ఆవు, గేదె, మేక చర్మాలు కావాలి. వాటిని ఎంచి, శుద్ధిచేసి, బిగించి, నాదం పలికించే పనివాళ్ళు తమిళదేశంలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) నాదాన్ని గురించి అభిమానులు గంటలకొద్దీ చెబుతారు. ఆ నాదం కోసం ఆయన పక్కన కూర్చుని చర్మం మీద ప్రయోగాలు చేసిన పర్లాందు పేరు వాళ్ళ నోట రాదు. గాయకుడు టి.ఎం.కృష్ణ ఈ పనివాళ్ళ చరిత్రను "సెబాస్టియన్ అండ్ సన్స్" అనే పుస్తకంగా 2020లో ప్రచురించాడు. ఆవిష్కరణకు హాలు ఇస్తామన్న కళాక్షేత్ర ఆఖరు నిమిషంలో అనుమతి రద్దుచేసింది.

అదే కృష్ణకు 2024లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ప్రకటించింది. పెరియార్‌ను గౌరవించే మనిషి అధ్యక్షత కింద తాము పాడమని కొందరు పేరున్న విద్వాంసులు అకాడమీ నుంచి తప్పుకున్నారు. అభిమానులు రెండుగా చీలారు. సంగీతంలోకి రాజకీయాలు తేవద్దని వాదించినవాళ్ళు, పాడటం మానటమే అన్నిటికంటే పెద్ద రాజకీయం కదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అది వాళ్ళ సంగతి. మన సంగతేమిటి? కృష్ణను మెచ్చుకుంటూ మాట్లాడిన మన మిత్రుల్లో ఆయన పాట ఒక్క గంటైనా విన్నవాళ్ళు ఎందరు? నేను అడిగి చూశాను. "ఆయన భావాలు గొప్పవండీ" అన్నారు. వినకుండా వెలివెయ్యటం ఎలాంటిదో వినకుండా చప్పట్లు కొట్టటమూ అలాంటిదే. రెండిటిలోనూ సంగీతం లేదు.

విద్యార్థుల మధ్య ఈ చిక్కు ఇళయరాజా దగ్గర వస్తున్నది. 1943లో పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ దళంతో కమ్యూనిస్టు పార్టీ సభల్లో ఊరూరా పాడుతూ పెరిగినవాడు. "సాగర సంగమం" (1983), "రుద్రవీణ" (1988) సంగీతానికి జాతీయ బహుమతులు పొందినవాడు. 2022లో రాజ్యసభకు నియమితుడయ్యాడు. అదే ఏడాది అంబేద్కర్‌నూ మోడీనీ పోలుస్తూ ఆయన రాసిన ముందుమాట మీద దుమారం లేచింది. మా హాస్టల్లో ఇద్దరు విద్యార్థులకు దీని మీద పెద్ద తగాదా. ఒకడు ఆ పాటలు వినటం మానేశానన్నాడు. రెండవవాడు ఏమీ అనలేదు. ఒక పాట పల్లవి కింద నడిచే బేస్ గిటారును విడిగా నోటితో పలికి చూపించాడు. గొంతు పైకి పోతున్నకొద్దీ అది కిందకు దిగుతుంది. "ముందు ఇది విను, తర్వాత ఆయన్ని తిట్టు" అన్నాడు.

అతను స్వరం రాయటం రానివాడు. వాళ్ళ ఊళ్ళో వయొలిన్ ఎవరూ చూడలేదు. ఆ చెవి అతనికి ఏ అకాడమీ ఇచ్చిందికాదు. పదిమంది స్నేహితులతో పాట గురించి వాదించి సంపాదించుకున్నది. సంగీత దర్శకుడి రాజకీయాలను అతను సమర్థించటం లేదు. వాటిని తిట్టటానికి చెవులు మూసుకోవలసిన అవసరం లేదంటున్నాడు. మొదటివాడి నిజాయితీని నేను శంకించను. కాని విమర్శ అన్నది మొదలయ్యేది రెండవవాడి దగ్గర.

మన సభల్లో పాటకు ఇచ్చే స్థానం చూడండి. ప్రధాన వక్త రైలు ఆలస్యమైతే పాటలు, ఆయన వేదిక ఎక్కగానే "ఇక చాలు" అన్నట్టు చెయ్యి ఊపటం. సభలోనివాళ్ళు పాట వస్తున్నంతసేపూ పలకరించుకుంటూ వుంటారు. తనియావర్తనానికి లేచి కాఫీకి పోయేవాడికీ మనకూ తేడా ఎంత? మొన్న ఒక సభలో డప్పు కళాకారులు వానకు మెత్తబడ్డ డప్పుల్ని వేదిక వెనక మంటపెట్టి కాచుకుంటున్నారు. పైన చెప్పిన విద్యార్థి అక్కడ చేరి ఏ డప్పును ఎంతసేపు కాచాలి, మోత ఎక్కిందని ఎలా తెలుస్తుంది, సిర్ర దెబ్బకూ చిటికెన పుల్ల దెబ్బకూ నాదంలో తేడా ఏమిటి అని అడుగుతున్నాడు. వాళ్ళలో పెద్దాయన చెబుతూ, వాయించి చూపిస్తూ, మళ్ళీ చెబుతూ వున్నాడు. ఇంత ఓపిగ్గా తన వాద్యాన్ని గురించి అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరన్నాడు. లోపల ఉపన్యాసం మొదలయింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.