శిలాశలభ విలాపం

ఓ శిలాశలభమా! జర్మనీ దేశాన, డార్మ్‌స్టాట్ నగరం చెంత, మెస్సెల్ గనిగర్భపు నల్లని నూనెరాతి పొరల్లో రెక్క విప్పుకుని ఒరిగిపోయిన తల్లీ! 4.7 కోట్ల ఏళ్ల కిందట ఏ ఝంఝామారుతం నిన్ను జలరాశిపైకి విసిరిందో, ఏ అలసట నీ పక్షపుటాలను అణచిందో, ఏ అల నిన్ను అడుగుకు అప్పగించిందో చెప్పేవారెవరు? అగ్నిపర్వతం బద్దలైన గోతిలో ఊరిన సరస్సు నిన్ను మింగింది, ఊపిరాడని బురద నిన్ను దాచింది. అంతటి నీ సమాధిని ఈ కాలపు మనుషులు చెత్తకుప్ప చేయబోయారంటే, హా! కన్నీళ్ల కన్నా ముందు కోపమే వస్తుంది.

ఎక్కడమ్మా నీ వన్నె, ఎక్కడమ్మా నీ వంశం?

కవులు శలభమనగానే దీపం వెలిగిస్తారు. దీపం పెట్టే చెయ్యే పుట్టని యుగం నీది. నీ జ్ఞాతుల్లో చాలామటుకు నేటికీ పట్టపగటి ఎండలోనే ఎగురుతాయి. నీ రంగు పూతపూసిన రంగు కాదు. పొలుసు లోపల పొరమీద పొరగా, ప్రతి పొరా చిల్లులు చిల్లులుగా పేర్చిన సూక్ష్మసౌధంలో కాంతి కేళీలోలయై పలికిన కాంతిరాగం. రాతిలో అది మారిపోయింది. ఆ పొరలను కొలిచి, లెక్కగట్టి, పసుపు కలిసిన లేతాకుపచ్చ నీదని 2011లో పండితులు తేల్చారు: ఆకుపై వాలితే ఆకులో లీనమయ్యే వన్నె, పూవుపై వాలితే పిట్టను బెదిరించే వన్నె! ఆ పచ్చదనాన్ని చూసి బెదిరిన పిట్ట కూడా రాయైపోయింది కదా.

ఎక్కడమ్మా నీ వన్నె, ఎక్కడమ్మా నీ వంశం?

నీకు జైగీనిడే అనే ఇంటిపేరైనా దక్కింది. ఇంగ్లండులోని డోర్సెట్ తీరశిలల్లో, 19 కోట్ల ఏళ్ల నాటి రెక్కతునకగా మిగిలిన నీ పూర్వికురాలు ఆర్కియోలెపిస్‌కు 1985లో పేరు పెట్టారు గానీ, నేటి ఏ వంశం దాని పుట్టిల్లో ఎవరూ చెప్పలేకపోయారు. అంతకన్నా పాతవి, ఉత్తర జర్మనీ భూగర్భం నుంచి తవ్వి తీసిన మట్టిలో తేలిన పొలుసులు, కేవలం పొలుసులు! వాటిలో కొన్ని బోలుగా ఉన్నాయి. బోలు పొలుసులు తొండమున్న జాతుల గుర్తు. పూలే పూయని ఆ పురాతన ప్రభాతాన, ఆ పొలుసులు రాల్చిన ఓ పిపాసినీ, ఏ మకరందాన్ని ఆశించి తొండం చాచావమ్మా? పూలులేని చెట్ల గింజమొగ్గలపై మెరిసే జిగురుబొట్టుతోనే దప్పిక తీర్చుకున్నావా?

ఎక్కడమ్మా నీ వన్నె, ఎక్కడమ్మా నీ వంశం?

రెక్కల ఈనెలు చూసి గోత్రం కట్టేవారు వర్గీకరణ శాస్త్రజ్ఞులు. ఈనెలు చెరిగి, శిరసు రాలి, తొండం మాసిపోయిన నీ అక్కచెల్లెళ్ల ఎదుట వారు "స్థానం అనిశ్చితం" అని రాసి కలం ఆపేస్తారు. ఆ రెండు మాటలు చదివి ఏడ్చేదాన్నే నేను. అయినా వారిని నిందించను. లేని చుట్టరికం అంటగట్టి నీ తోబుట్టువులను ఎవరి ఇంటికో పంపడం కన్నా, వంశం గడి ఖాళీగా ఉంచడమే శాస్త్రజ్ఞులు వాళ్లకు చేసిన న్యాయం.