పల్లకి నడక

మూడు వారాలుగా సాయంత్రాలు రాజ్‌భవన్ రోడ్డు మీద ఒకే కవిత గొణుక్కుంటూ నడుస్తున్నాను. సరోజినీ నాయుడు ఇంగ్లీషులో రాసిన పల్లకి బోయీల పాట. పన్నెండే పాదాలు. తెలుగు చేద్దామని కూర్చుంటే అర్థం పావుగంటలో వచ్చేసింది. పల్లకి మాత్రం కదల్లేదు.

మూలంలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, వెంట రెండు తేలిక అక్షరాలు నడుస్తాయి. మన లెక్కలో భగణం. సరే కదా అని భగణాలే పేర్చాను. బోయీలు బస్తాలు మోస్తున్నట్టయింది. ఇంగ్లీషు చెవి ఊనికను పట్టుకుంటుంది, మన చెవి మాత్రలు లెక్కపెడుతుంది. భగణమంటే నాలుగు మాత్రలు, ఆ బరువు పల్లకికి ఎక్కువ. అన్నీ కొట్టేసి మూడు మాత్రల్లోకి దిగాను. తకిట, తకిట. సోమాజిగూడ హారన్ల మధ్య, మోనప్ప ఐలాండ్ దగ్గర, మొదటి పాదం నా అడుగుతో కలిసింది. ఆ క్షణం ఎంత సంతోషమో చెప్పలేను.

ఈ ఊపు సరోజినిగారికి లండన్ ఇచ్చింది కాదు. 1879లో ఈ హైదరాబాద్‌లోనే పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ చదువుల పునాది వేసినవారు. తల్లి వరదసుందరి బెంగాలీలో పాటలు కట్టి పాడేవారు. ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసిన తొమ్మిదేళ్ల పిల్లని తండ్రి ఒంటరిగా గదిలో పెట్టారట. తలుపు తీశాక ఆ పిల్ల ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది, తల్లి హిందుస్తానీలో పలకరించినా సరే. పదకొండో ఏట ఆల్జీబ్రా లెక్క తెగక అవస్థ పడుతుంటే కవిత వచ్చింది. 1898లో మద్రాసులో గోవిందరాజులు నాయుడుగారితో పెళ్లి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. అలా తెలుగింటి కోడలయ్యారు.

ఇంగ్లీషు పిట్టలు, ఇంగ్లీషు పూలు వదిలి నీ నేల గురించి రాయమని లండన్‌లో సాహితీవేత్త ఎడ్మండ్ గాస్ చెప్పిన సలహాని విమర్శకులు గొప్పగా చెబుతారు. మంచి సలహానే. కానీ గాజులమ్మేవాళ్ల కేకలు, నేతగాళ్లు, బజారు బేరాలు ఆ పిల్ల చెవిలో అంతకు ముందే ఉన్నాయి. 1905లో మొదటి పుస్తకం వచ్చిన మరుసటేడే లిజా లేమన్ అనే ఇంగ్లండు స్వరకర్త అందులోని కవితల్ని పాటలుగా కట్టింది. చెవితో రాసిన కవిత్వాన్ని సంగీతం తెలిసినావిడ ఇట్టే పోల్చుకుంది.

ఇలాంటి చెవే వార్సాలో పుట్టిన కవయిత్రి మారీ క్రిసిన్‌స్కాది. సంగీతం నేర్చుకోవడానికి పారిస్ వెళ్లి, షా న్వార్ కాబరేలో పియానో వాయిస్తూ, కవుల పద్యాలకి బాణీలు కడుతూ, 1880ల తొలినాళ్లలోనే ఫ్రెంచిలో ఛందస్సు కట్టు విడిచిన కవితలు అచ్చేసింది. ఆ ఘనత తనదేనని గుస్తావ్ కాన్ అనే కవి చెప్పుకున్నాడు, చాలాకాలం లోకం ఆయన్నే నమ్మింది. ఇది అన్యాయం. 1890లో వచ్చిన ఆమె పుస్తకం పేరులోనే లయ ఉంది.

సరోజినిగారి ఇంగ్లీషు పాతబడిందని అనేవాళ్లు మౌనంగా చదివి ఉంటారు. ఫిబ్రవరి 13 ఆవిడ పుట్టినరోజు. ఆ రోజు ఇంట్లో పిల్లలుంటే గాజులమ్మేవాళ్ల కవిత తీసి గొంతెత్తి చదివించండి. వీలైతే నాంపల్లిలో ఆవిడ ఉన్న గోల్డెన్ థ్రెషోల్డ్ దాకా తీసుకెళ్లి, ఆ ఇల్లు చూపించండి.