కట్ట మీద మనిషి

ఈ వారం ఒక మాట నన్ను బాగా చికాకు పెట్టింది. మానుకోట నుంచి హైదరాబాద్ పోయి సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. ధాన్యం కొనుగోళ్ల లెక్కలు చూసే అప్లికేషన్ కడుతున్నారట. "అన్నా, ఆర్కిటెక్చర్ అనుకుంట కూసుంటే స్ప్రింటే అయిపోతది. పని నడుస్తాంటే అదే కుదురుకుంటది" అన్నాడు.

కుదురుకోదు. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పట్టు తెలిసిందే: వెనక్కి తీసుకోలేని నిర్ణయాలను ముందే తీసుకోవాలి, రాసి పెట్టాలి. 2001లో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూడి సాఫ్ట్‌వేర్ తయారీ మీద అజైల్ ప్రకటన రాశారు. దాని వెంట వచ్చిన సూత్రాల్లో, మంచి ఆర్కిటెక్చర్ తమను తాము నడుపుకునే టీముల్లోంచే పుడుతుందని ఒకటుంది. ఎవరో ఒకరు ఆలోచిస్తేనే కదా పుట్టేది! ఆ సంగతి వదిలేసి సూత్రాన్ని మాత్రం పట్టుకున్నారు.

తమ్ముడి టీమువాళ్లు రైతు రికార్డులో ఊరి పక్కన జిల్లా పేరు నేరుగా రాసుకున్నారు. మన ప్రాంతంలో అదెంత ప్రమాదమో పాలంపేటను చూస్తే చాలు. రామప్ప గుడి ఉన్న ఆ ఊరు అంగుళం కూడా జరగలేదు. 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లా, ఆ రోజు నుంచి భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. 2021లో ఇంకో ముడి పడింది: వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత రసీదులో 'వరంగల్' అని కనబడితే ఏ వరంగల్ అనుకోవాలి? ఊరికి మారని కోడ్ ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో విడిగా పట్టిక ఉండాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఆ కోడ్‌లు ఉన్నాయి కూడా. మొదటి వారంలో ఇది పూటలో అయ్యే పని. లక్షల రసీదులు చేరాక ఎవరూ ముట్టడానికి సాహసించరు.

డిజైన్ గురించి మాట్లాడితే నాకు చెరువులు గుర్తుకు రాక మానవు. కాకతీయుల గొలుసుకట్టులో పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు నీళ్లు పోతాయి. ఏ చెరువు ఆయకట్టు దానిదే, ఏ చెరువు తూము దానిదే. రెంటినీ కలిపేది మత్తడి ఒక్కటే. సర్వీసులను విడగొట్టే పద్ధతి ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ నాకు నేర్పలేదు. మన మానుకోట జిల్లాలోనే బయ్యారం చెరువు ఉంది. గణపతిదేవుని సోదరి మైలమ అక్కడ శాసనం వేయించి దాదాపు ఎనిమిది వందల ఏళ్లయింది.

అయితే అన్నేళ్లు చెరువు నిలబడింది మొదటి రోజు గీసిన గీతతోనేనా? కాదు. ఊరూరా నీరటికాడు ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడికి ఎంత పారించాలో అతనికే తెలుసు. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీదే తిరిగేవాడు, బుంగ పడితే ఊరిని లేపేవాడు. రైతులు కల్లంలో అతని వాటా ధాన్యం కొలిచి ఇచ్చేవారు. 2024 సెప్టెంబర్ 1న చెరువులు, వాగులు పొంగి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయినప్పుడు నాకు అతనే మనసులో మెదిలాడు. అంత వానను ఒక్క మనిషి ఆపలేడు. కానీ కట్టను రోజూ చూసే కన్ను లేకుంటే ఎంత గొప్ప గొలుసుకట్టయినా మిగలదు.

అందుకే ఆ తమ్ముడి మాటలో సగం నిజమే. తెలంగాణలోని పది జిల్లాలు 33 అవుతాయని 2013లో ఏ ఆర్కిటెక్ట్ ఊహించగలడు? బొమ్మ గీసిచ్చి వెళ్లిపోయే ఆర్కిటెక్ట్ నాకు వద్దు. మూడో స్ప్రింట్‌కల్లా ఆ బొమ్మకూ కోడ్‌కూ పొంతన ఉండదు. టీములోనే కూర్చుని, కోడ్ రాస్తూ, రోజూ కట్ట చూసే మనిషి కావాలి. 2011లో సాఫ్ట్‌వేర్ నిపుణుడు మైకేల్ నైగార్డ్ సూచించినట్టు ప్రతి పెద్ద నిర్ణయానికీ ఒకటి రెండు పేజీలు చాలు: అప్పటి పరిస్థితి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏం మోయాలి. అది కోడ్ పక్కనే ఉంటే కొత్తగా చేరినవాడు కూడా దాన్ని ప్రశ్నించగలడు, మార్చగలడు.

తమ్ముడికి ఒక టెస్ట్ రాయమన్నాను. పాలంపేటకు 2015, 2017, 2020 తేదీలు ఇస్తే మూడు వేర్వేరు జిల్లాలు రావాలి. ప్రతి బిల్డ్‌లో అది నడవాలి, తప్పితే బిల్డ్ ఆగాలి.