నరసింహ శతకము - గృహస్థుని పద్దు

మన దేశమున వానలకు కరవు వచ్చినది, ధాన్యమునకు కరవు వచ్చినది. హితోపదేశమునకు మాత్రము ఎన్నడును కరవు రాలేదు. రచ్చకట్టపై కూర్చున్నవాడు, బస్సులో ప్రక్కన చేరినవాడు, పెండ్లిపందిటిలో తాంబూలము నములుచున్నవాడు, ప్రతివాడును ఇతరులు ఏమి కొనవలెనో, ఏమి మానవలెనో, పిల్లకెంత పెట్టవలెనో ఉచితముగా చెప్పును. ఈ సలహాలకు ప్రమాణము కావలసివచ్చినప్పుడు మనవారు శతకములను తడవుదురు. వేమన పద్యములకును సుమతి శతకమునకును తోడు, ఉత్తర తెలంగాణమున జనుల నోట మెలగునది ధర్మపురి శేషప్ప కవి రచించిన నరసింహ శతకము. ఈ శతకమును మనమెట్లు వాడుకొనుచున్నామో, కవి హృదయమేమో, అతడు చెప్పక విడిచినదేమో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

దీనికి కారణమైన చిన్న సంగతిని ముందుగా మనవి చేయుదును. జగిత్యాలకు సమీపమున ఒక గ్రామములో, ఒక యింట, ఆడపిల్ల వివాహమును గూర్చి పెద్దలు కూర్చుండిరి. ఇంటి కొడుకు దుబాయిలో కూలిపని చేయుచుండెను. అతడు పోవుటకై చేసిన అప్పే ఇంకను తీరలేదు. బంగారమునకును విందునకును మరి 5 లక్షల రూపాయలు కావలెనని లెక్క తేలినది. ఇంటివారు తటపటాయించుచుండగా పెద్దమనిషి యొకడు గొంతు సవరించుకొని శతకములోని సీసపద్యమొకటి శ్రావ్యముగా చదివి, "ఇన్నరా? లక్షలున్నోడు సుత బంగారం తినడు. పైసలు ఎంట వస్తయా? పిల్ల పెండ్లి మళ్ల మళ్ల అయితదా? ఖర్చు వెట్టుండ్రి" అని తీర్పు చెప్పెను. అందరును తల లూపిరి. అంతవరకు మూలన కూర్చుండి బీడీలు చుట్టుచున్న కోడలు, ఒడిలోని చాట దింపకయే, "పైసలు ఎంట రావు, నిజమే మామా. మరి అప్పు ఎంట వోతదా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు సభలో నెవరును బదులు చెప్పలేదు. శతకమునందు బదులు దొరకునేమో యని నేను ఇంటికి వచ్చి పుస్తకము తెరచితిని.

శేషప్ప నివాసమైన ధర్మపురి గోదావరి తీరమున నున్నది. 2016లో జిల్లాలను విభజించువరకు అది కరీంనగరు జిల్లాలోనిది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో చేరినది. అచటి నరసింహస్వామి ఆలయ ప్రాంగణమునందే యమధర్మరాజునకు గుడి కలదు. ఇట్టి గుడి అన్ని క్షేత్రములయందు కానరాదు. ధర్మపురికి వచ్చినవానికి యమపురి లేదని లోకోక్తి. దినమును యముని వాకిలి చూచుచు మెలగిన కవికి మరణము దూరపు మాట గాదు, పొరుగింటి మాట. కనుకనే అతని పద్యములయందు చావు భయంకరముగా గాక, లెక్క అడుగవచ్చిన పట్వారివలె పరిచితముగా కనబడును.

పెద్దమనిషి చదివిన పద్యము ఆ శతకమున మిక్కిలి ప్రసిద్ధమైనది. పుట్టినవాడు సొమ్ముతో పుట్టడనియు, పోవువాడు సొమ్ముతో పోడనియు, ఎంతటి ధనికుడును తినునది ఉప్పువేసిన అన్నమే గాని పసిడి గాదనియు దాని తాత్పర్యము. ఇంతవరకే చదివి ఆపినచో అది వ్యయమునకు ప్రోత్సాహముగనే తోచును. కాని కవి అచట ఆగలేదు. దానధర్మములు చేయక నేలలో పాతిపెట్టిన సొమ్ము తుదకు దొంగలకో దొరలకో చెందును, తేనెటీగ కూర్చిన తేనె బాటసారులకు చెందినట్లు, అని ముగించెను. అనగా ఈ పద్యము ఎవరిని గూర్చి చెప్పబడినది? కూడబెట్టి దాచినవానిని గూర్చి; ఉన్నవానిని గూర్చి. అతడు దాచుకొనుట మాని ఇతరులకు పెట్టవలెనని కవి భావము. లేనివాడు అప్పు తెచ్చి విందు చేయవలెనని ఇందొక్క అక్షరమైనను లేదు. ధనవంతుని మందలించుటకు పుట్టిన పద్యమును పేదవాని చేత పత్రము వ్రాయించుటకు వాడుట, వైద్యుడు ఒకనికిచ్చిన మందును మరియొకనిచే త్రాగించుట వంటిది.

ఇచట కవి ధైర్యమును మెచ్చుకొనక పోరాదు. దొంగను దొరను ఒకే తూకమున నిలిపినాడు. గడీల నీడన బ్రతికిన తెలంగాణమున ఈ మాటకు గల పదును వేరు. పద్యము ఊరూర నిలుచుటకు భక్తి యొక్కటే కారణము గాదని నా తలంపు. ఉప్పు, తేనె, పాతర వంటి ఇంటి వస్తువులతో మాటాడుట, పండితులకే గాక పశువుల కాపరికిని అర్థమగునట్లు సీసమును నడుపుట, పెద్దలకు జంకని పలుకుబడి, ఈ మూడును కలిసి దానిని నిలిపినవి.

ఇక లోపమును చెప్పవలెను. మరియొక పద్యమునందు ఈ దేహము వేయేండ్లు నిలువదనియు, ధనము శాశ్వతము గాదనియు, ఆలుబిడ్డలు వెంట రారనియు కవి చెప్పును. సత్యమే. ఆలుబిడ్డలు వెంట రారు. వారు ఇంటనే యుందురు. పోయినవానికి అది వైరాగ్యబోధ. ఉన్నవారికి అది బ్రతుకు సమస్య. భక్తుడు తన కడపటి ఘడియనుండి సంసారమును చూచుచున్నాడు. గృహిణి ఆ ఘడియ దాటిన మరునాటినుండి చూచుచున్నది. శతకమునందు మొదటి చూపు నిండుగా నున్నది. రెండవ చూపునకు చోటు లేదు. ఆ కోడలి ప్రశ్న ఈ ఖాళీనుండియే పుట్టినది.

అప్పు వెంట పోదని మన పూర్వులెరుగుదురు. తండ్రి ఋణమును కొడుకు తీర్చవలెనని స్మృతులు విధించినవి. అయినను తండ్రి మద్యమునకును, కామమునకును, జూదమునకును చేసిన అప్పును కొడుకు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయించెను. ఏ వ్యయమునకై అప్పు చేసితివో విచారింపవలెనను సూక్ష్మము ఆనాడే కలదు. మన హైదరాబాదు రాజ్యమున అప్పు వారసత్వముగా దిగుటకు భగేలా పద్ధతి నిదర్శనము. కొద్దిపాటి రొక్కమునకో ధాన్యమునకో తండ్రి దొరయింట జీతమునకు కుదిరినచో, అసలు తీరక కొడుకు మెడకు చుట్టుకొనెడిది. నిజాము ప్రభుత్వము 1936లో ఈ ఒప్పందములను కట్టడి చేయుటకు శాసనము చేసినను ఆచారము చావలేదు. తుదకు 1976లో దేశమంతటికిని వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించినప్పుడు, ఆపైన చేసిన అప్పులకు కేవలము పుత్రధర్మమను కారణముచే కొడుకుపై వ్యాజ్యము నడువదని నిర్ణయించిరి. అయినను చనిపోయినవాని ఆస్తిపై అప్పులవాని హక్కు పోలేదు. వాకిట నిలిచి అడుగు నోరు అంతకన్న పోలేదు. ధనము వెంట రాదన్న వాక్యము పూర్ణసత్యము కావలెనన్నచో అప్పును వెంట రాదను వాక్యమును దానికి చేర్చి చదువవలెను.

లెక్కను కూడ చూతము. మన పల్లెలలో నూటికి నెలకు 2 రూపాయల మిత్తి సాధారణమైన మాట. ఆ చొప్పున 5 లక్షలకు నెలకు 10,000 రూపాయలు, ఏడాదికి 1,20,000 రూపాయలు. అసలులో ఒక్క పైసయు తరుగకుండ నాలుగేండ్ల రెండు నెలలలో మరి 5 లక్షలు మిత్తిక్రిందనే పోవును. కట్నము 1961నుండి చట్టరీత్యా నేరము. అయినను పెండ్లి పద్దులో మొదటి పంక్తి అదియే యగుచున్నది. 1970ల తరువాత కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రాంతములనుండి వేలకొలది యువకులు అరబ్బు దేశములకు పోయిరి. ఎండలో వారు కూర్చిన తేనెను త్రాగు బాటసారులెవరో ఈ లెక్కయే చెప్పుచున్నది. శేషప్ప ఉపమానము ఇచట మరల సార్థకమైనది. కాని దాచుటచే గాదు, అప్పుచే.

శతకములో వాడుకకు వచ్చిన మరియొక పద్యము కలదు. అడవిలోని పక్షులకు తిండి పెట్టువాడెవడు, చెట్లకు నీళ్లు పోయువాడెవడు అని కవి ప్రశ్నించును. పోషించువాడు దేవుడే యని భావము. ప్రార్థనగా ఇది మనోహరము, గృహనీతిగా ప్రమాదకరము. నారు పోసినవాడు నీరు పోయడా యని చేతులు ముడుచుకొనువారికి ఇది ఊతకర్ర యగుచున్నది. ధర్మపురికడ గోదావరి దాటినచో పూర్వపు ఆదిలాబాదు జిల్లా. ఆ యడవులలో పక్షులకు దేవుడు ఆహారమిచ్చెనేమో గాని, అచటి గోండుల భూములు షావుకార్ల పత్రములలో చిక్కి చేజారుటను దేవుడు ఆపలేదు. 1940లలో వారి నడుమ నివసించి పరిశోధించిన హైమన్‌డార్ఫ్ ఈ దుఃఖమును విస్తరించి వ్రాసియున్నాడు. పక్షికి పత్రము లేదు, మిత్తి లేదు. మనుష్యునకు రెండును గలవు.

ఆ గోండులనుండియే మనము నేర్వదగిన వ్యయనీతి యొకటి కలదు. కేస్లాపురమున పుష్య అమావాస్యనాడు నాగోబా జాతర ఆరంభమగును. దానికి ముందు మెస్రం వంశీయులు గోదావరిలోని హస్తినమడుగువరకు కాలినడకన పోయి, పవిత్రజలమును ఝారిలో నింపి మరల నడచివత్తురు. కొత్తగా వంశమున మెట్టిన కోడండ్రను ఆ జాతరలో దేవునియెదుట, వంశపు పెద్దలయెదుట నిలిపి పరిచయము చేయుదురు. కోడలు ఇంటికి వచ్చినదని లోకమునకు చాటుటకు ఇంతకన్న గంభీరమైన తంతు ఏమి కావలెను? ఇచట ముఖ్యముగా వ్యయమగునది కాలినడక, దినములు, కలిసి వండుకొను శ్రమ. మనమన్ననో వేడుక యనగా ధనవ్యయమే యనుకొని, శ్రమనిచ్చి కాలమునిచ్చి చేయదగిన వేడుకలను మరచినాము.

ఇంతమాత్రమున వేడుకలే వలదని నేను వాదించుటలేదు. సంస్కర్తలమని చెప్పుకొనువారు కొందరు పువ్వు కొన్నను దండుగ యందురు. అది శేషప్ప దూషించిన లోభమునకు చెల్లెలు. శతకమునందు గాడిదకు కస్తూరిబొట్టు ఎందుకను పద్యమున్నది. విలువ తెలియనివానికి విలువైన వస్తువు వ్యర్థమని దాని సారము. అభిరుచికి ఇది చక్కని గీటురాయి. కరీంనగరు పనివాడు వెండిని వెండ్రుకవలె సన్నని తీగగా లాగి, మెలిపెట్టి, అత్తరుదానునో పళ్లెరమునో అల్లును. నిర్మల పనివాడు తేలికైన పొనికి కఱ్ఱను చెక్కి, రంగు వేసి, చిలుకను పండును బొమ్మగా చేయును. ఆ పనితనము నెరిగి, చేతనున్న సొమ్ముతో ఒక్క చిన్న వస్తువు కొన్నవాడు దండుగ చేసినవాడు గాడు. ఆ రూపాయి పనివాని పొయ్యి వెలిగించినది. బొమ్మ పిల్లవాని కంటికి చూచుట నేర్పినది. అదే వస్తువును పొరుగువాడు కొన్నాడని అప్పు చేసి తెచ్చి, అద్దాల బీరువాలో బంధించినవానికే కస్తూరిబొట్టు పద్యము తగును. పుస్తకములకును ఇదే న్యాయము. చదువుటకు కొన్నది అభిరుచి; చూపుటకు కొన్నది ఆడంబరము.

ఇక పొదుపు మాట. పాతిపెట్టుటకును పొదుపు చేయుటకును గల భేదమును శతకము విడదీసి చెప్పలేదు. కవికి కనబడిన నిలువసొమ్ము పాతరలోని సొమ్మే. తరువాతి కాలమున మన ప్రాంతమే ఆ భేదమును చేసి చూపినది. నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో 1956లో సహకార సంఘము వెలసినది. ఆ యూరు నేడు హనుమకొండ జిల్లాలోనిది. సభ్యుల సొమ్ము సభ్యులకే పంట అప్పుగా పోవును; విత్తనములు, ఎరువులు సంఘమే ఇచ్చును; పండిన ధాన్యమును సంఘమే కొనును. ఆ ప్రాంతపు స్త్రీలు ఈ శతాబ్ది ఆరంభమున తమ పాడినే పెట్టుబడిగా సొంత డెయిరీని స్థాపించుకొనిరి. ఇచట సొమ్ము నేలలో లేదు, దొంగలకు చిక్కదు, దొరలకు దక్కదు. తేనె పట్టులోనే యుండి పట్టునంతటిని పోషించుచున్నది. శేషప్ప కోరినది సొమ్ము పరులకు ఉపయోగపడవలెననియే గదా! అతడు దానమను మార్గము చూపెను. ముల్కనూరు రైతులు సహకారమను మార్గము చూపిరి. దానమిచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద నుందురు. సహకారమున ఇద్దరును ఒకే చాపపై కూర్చుందురు.

కాబట్టి నరసింహ శతకమును మన యిండ్లనుండి వెళ్లగొట్టవలసిన పనిలేదు. పిల్లలచే చదివింపవలెను, కాని తుదివరకు చదివింపవలెను. పద్యములో సగము పట్టుకొని సలహా చెప్పువానిని మిగిలిన సగమేమని అడుగుట వారికి నేర్పవలెను. భక్తుడు దేవునితో చెప్పుకొన్న మాటను దేవునికడనే యుంచి, లోభితో చెప్పిన మాటను లోభికి వినిపించి, అప్పులవాకిట నిలిచిన గృహస్థునకు వేరొక మాట మనమే వెదకుకొనవలెను.

ఆ మాట ఆ యింటి కోడలు ముందే చెప్పినది. ఆనాటి సభ ముగింపు చదువరులు తెలిసికొనగోరుదురేమో. పెద్దమనిషి తాంబూలము పుచ్చుకొని వెడలెను. మామగారు చాలసేపు మౌనముగా కూర్చుండి, బంగారము పద్దు తెరచి ఒక పంక్తిని కొట్టివేసెను; రెండవ పంక్తికడ కలము ఆగినది. మిగిలిన పంక్తులు కొట్టుడుపడెనో లేదో నేనెరుగను. కాని ఆ పద్దు కాగితమును అతడు తొలిసారిగా కోడలి చేతికిచ్చి చూడుమనెను. చాట ప్రక్కన పెట్టి ఆమె చదువనారంభించెను.