చిక్కుముడి వీడితే ప్రేమ నిలుస్తుందా?

దెయ్యాన్ని ప్రేమించే కథకు పుట్టుకతోనే ఒక పేచీ ఉంది. చావు వెనకున్న గుట్టు తేలితే ఆత్మకు విముక్తి. విముక్తి దొరికితే ప్రేమకు ముగింపు. మిస్టరీ గెలవాలంటే రొమాన్స్ ఓడాలి. మెగ్ కాబట్ ‘డార్కెస్ట్ అవర్’ (2001), కెండారే బ్లేక్ ‘అన్నా డ్రెస్డ్ ఇన్ బ్లడ్’ (2011) ఈ పేచీతో తలపడిన టీనేజ్ నవలలు. రెండింట్లోనూ ప్రేమించిన దెయ్యం మీదికి మరో దెయ్యం కత్తి దూస్తుంది.

‘మీడియేటర్’ వరుసలో నాలుగోదైన కాబట్ నవల మొదట జెన్నీ కారోల్ అన్న కలంపేరుతో వచ్చింది. కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో పదహారేళ్ల సూజ్ ఉండే గదిలోనే 1850లో చనిపోయిన జెస్సీ దెయ్యంగా ఉంటాడు. హాట్ టబ్ కోసం ఆ ఇంటి పెరట్లో గొయ్యి తవ్వుతుంటారు. ఒక రాత్రి జెస్సీకి అప్పట్లో పెళ్లి కుదిరిన మరియా దెయ్యమై వచ్చి, సూజ్ గొంతు మీద కత్తి పెట్టి, తవ్వకం ఆపించమంటుంది. ముందు పాత ఉత్తరాలు, తర్వాత ఎముకలు బయటపడతాయి. పెళ్లి తప్పించుకుని పారిపోయాడని లోకం అనుకున్నవాడు నిజానికి హత్యకు గురయ్యాడు.

బ్లేక్ కథ కెనడాలోని థండర్ బేలో జరుగుతుంది. 1958లో స్కూలు డాన్సుకు వెళ్లాల్సిన రోజున గొంతు తెగి చచ్చిన అన్నా, తన ఇంట్లో అడుగుపెట్టినవాళ్లను చంపేస్తుంటుంది. దెయ్యాలను మట్టుబెట్టడమే పనిగా ఉన్న క్యాస్‌ను మాత్రం వదిలేస్తుంది. ఎందుకు? మంచి ప్రశ్నే. కానీ ఆమె చావు రహస్యం ఒక తంతులో, సినిమా చూపించినట్టు, సగం కథలోనే తెలిసిపోతుంది. పాఠకుడు ఊహించడానికి ఆధారమూ లేదు, అనుమానించడానికి మనిషీ లేడు. కాబట్ దగ్గర ప్రతి పలుగు దెబ్బకూ అర్థముంది: నిజం దగ్గరపడేకొద్దీ జెస్సీ దూరమవుతాడేమోనని సూజ్‌కు భయం. పరిశోధనే ప్రేమకు పరీక్ష అవుతుంది.

ప్రత్యర్థుల్లోనూ ఇదే తేడా. మరియా పగకు కారణం కథ లోపలే ఉంది. జెస్సీ హత్యలో తన నేరం బయటపడకూడదు. అందుకోసం దెయ్యాలు కనిపించే ఎనిమిదేళ్ల పిల్లవాడికి మాయమాటలు చెప్పి, వాడి చేతే జెస్సీని వెళ్లగొట్టిస్తుంది. ఇది నిజమైన విలనీ. బ్లేక్ తెచ్చిన ఓబియా మాంత్రికుడు క్యాస్ తండ్రిని చంపిన దెయ్యం. అన్నా గతంతో అతనికి సంబంధం లేదు. రెండు కథలను కుట్టిన దారం పైకి కనిపిస్తుంది. పైగా ఓబియా కరీబియన్ నల్లజాతి బానిసల మధ్య పుట్టిన నమ్మకం. 1760లో బానిసలు చేసిన తిరుగుబాటు తర్వాత జమైకా పాలకులు దాన్ని నిషేధించారు. ఇంత చరిత్ర ఉన్నదాన్ని ఉత్త భయపెట్టే వేషంగా వాడుకోవడం బద్ధకం.

ప్రేమ దగ్గరికొచ్చేసరికి తూకం మారుతుంది. జెస్సీ మర్యాదస్తుడు, అందగాడు. తన చావు గురించి మాత్రం నోరు మెదపడు. భారమంతా సూజ్ మోస్తుంది. అన్నా అలా కాదు. చేసిన హత్యల బరువు తెలిసిన పిల్ల. చివరికి మాంత్రికుణ్ని తనతో పాటు అగాధంలోకి లాక్కుపోయేది ఆమే. ఆ వెళ్లిపోవడం ఆమె నిర్ణయం, అందుకే మనసుకు తగులుతుంది. కాబట్ ఆ నష్టాన్ని దాటేస్తుంది: ఎముకలు దొరికినా జెస్సీ ఎక్కడికీ పోడు, ఆరో పుస్తకంలో ఏకంగా బతికి వస్తాడు. పాఠకులకు సంతోషమే కానీ, కథ తానే పెట్టుకున్న పందెం నుంచి తప్పుకుంది.

మిస్టరీగా కాబట్‌దే పైచేయి, ప్రేమకథగా బ్లేక్‌ది. ఒక్కటే చదవగలిగితే ‘డార్కెస్ట్ అవర్’ చదవండి; దెయ్యాల పగకు, ప్రేమకు, హత్యకు ఒకే గొయ్యి చాలని నిరూపించిన నేర్పు అందులో ఉంది.