సాయన్నను బతికించిన కిన్నెర

పండుగ సాయన్న నిజాం కాలపు మనిషి. ఉన్నోళ్ల గాదెలు కొల్లగొట్టి లేనోళ్ల కడుపు నింపిండని పాలమూరు జనం చెప్పుకుంటారు. సర్కారు లెక్కలో ఆయన బందిపోటు. ఆయన దానగుణాన్ని ఏ చరిత్ర పుస్తకమూ పట్టించుకోని రోజుల్లో ఆ కథను ఊరూరా తిప్పి చెప్పింది కిన్నెర అనే తీగవాద్యం.

కల్వకుర్తి నుంచి అచ్చంపేట మీదుగా నల్లమల వైపు పోతే లింగాల మండలం వస్తుంది. అక్కడి అవుసలికుంట దర్శనం మొగులయ్య ఊరు. 12 మెట్ల కిన్నెర మీద సాయన్న కథ పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న కళాకారుడాయన. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో వినిపించిన గొంతు కూడా ఆయనదే. సినిమా వల్ల పేరు ఇల్లిల్లూ చేరింది గానీ, ఆయన విద్య సంగతి ఎంతమందికి తెలుసు?

కిన్నెరకు కావలసినవన్నీ మన చుట్టుపక్కల దొరికేవే. వెదురు బొంగు, ఎండబెట్టి తొలిచిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు. తీగను నొక్కే మెట్లకు పాతకాలంలో ఎముక ముక్కలు, అలుగు పెంకులు వాడేవారు. ఆ మెట్లను బొంగు మీద మైనంతో నిలబెడతారు. మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. అందుకే పాడేవాడు తన గొంతుకు తగ్గట్టు మెట్లు సర్దుకోగలడు. మైనంలో ఇంత ఆలోచన దాగి ఉంది! పైన నెమలి ఈకలు, కొసన పక్షి బొమ్మ. వాయిస్తుంటే ఆ పిట్ట పాటకు తల ఊపుతుంది. పిల్లలు ముందు పిట్టను చూస్తారు, కథ తర్వాత వింటారు.

ఇక వాయించే తీరు. ఎడమచేయి మెట్ల మీద, కుడిచేయి తీగ మీద. గాయకుడు ఒక చరణం చెప్పి ఆగగానే కిన్నెర అదే మాటను అదే విరుపుతో తిరిగి పలుకుతుంది. వినేవాళ్లకు కథ రెండుసార్లు అందుతుంది. పుస్తకం పట్టని ఊళ్లలో వందల పాదాలు జనం నోట నిలవడానికి ఈ పద్ధతే సాయపడిందని నేను నమ్ముతాను.

కిన్నెర డక్కలి కులం వాళ్ల వాద్యం. మాదిగల ఇండ్లకు పోయి జాంబపురాణం, కులకథలు చెప్పడం వాళ్ల వృత్తి. అందుకు ఇచ్చే గింజలు, బట్టలు, పైకం తరతరాల మిరాశీ హక్కుగా వచ్చేవి. అది బిచ్చం కాదు. ఇచ్చే మాదిగలు కూడా రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లే, అయినా తమ కథ చెప్పేవాణ్ణి ఉత్తచేతులతో పంపలేదు. ధర్మం చేయడానికి ధనవంతుడే కానక్కర లేదని దీనికంటే స్పష్టంగా చెప్పేది నాకు కనిపించదు. కూలికోసం జనం వలసపోవడంతో ఆ ఏర్పాటు చెదిరింది. ఇచ్చే ఇంటికి తాళం, పాడేవాడికి దారి మూత.

ఇప్పుడు కళాకారుణ్ణి ఆదుకునే బాధ్యత వేరే చేతులకు మారింది. మొగులయ్యకు ‘భీమ్లా నాయక్’ హీరో పవన్ కల్యాణ్ 2 లక్షల రూపాయలిచ్చారు. పద్మశ్రీ తర్వాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ఇవి మంచి పనులే. అయినా 2024లో ఆయన కూలిపని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అదే ఏడాది పద్మశ్రీ పొందిన నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప జీవితమూ బీదరికంలోనే గడిచింది. ఒకసారి వచ్చే డబ్బు ఎంత పెద్దదైనా ఏడాది పొడవునా పాడించలేదు. పాత మిరాశీలో సొమ్ము చిన్నదే, కానీ పిలుపు ఆగేది కాదు. మనం పోగొట్టుకున్నది ఆ పిలుపును.

కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాల యువజన సంఘాలకు, దాతలకు నా విన్నపం ఒక్కటే. పెండ్లికి, జాతరకు, బడి వార్షికోత్సవానికి డీజేతో పాటు ఒక కిన్నెర కళాకారుణ్ణి పిలవండి. ఎంత ఇస్తారో ముందే మాట్లాడి, పాట అయిపోగానే చేతిలో పెట్టండి. మీ ఊరి పిల్లలిద్దరిని ఆయన పక్కన కూర్చోబెట్టి, మెట్లు పట్టడం నేర్పినందుకు నెలనెలా జీతం కట్టివ్వండి.